సమచతుర్భుజానికి కిటికీ పక్కన సీటు

నంద్యాలలో బ్యాంకు పరీక్షల అభ్యర్థులకు రీజనింగ్, అంటే తర్కం లెక్కలు, చెబుతాను. ఎనిమిది మందిని గుండ్రటి బల్ల చుట్టూ కూర్చోబెట్టడం, లేపడం, మళ్ళీ కూర్చోబెట్టడం నా ఉద్యోగం. ఆ ఎనిమిది మందికి ఎ, బి, సి, డి అని తప్ప పేర్లుండవు. నలుగురు బల్లవైపు తిరిగి కూర్చుంటారు, మిగతా నలుగురు బల్లకు వీపు చూపిస్తారు. ఏ ఇంట్లో, ఏ హోటల్లో మనుషులు అలా కూర్చుని తింటారో ఏ ప్రశ్నపత్రమూ ఇంతవరకు చెప్పలేదు. మా క్లాసు అమ్మాయి ఒకతె ఫోను చేతికిచ్చి, "మేడమ్, ఇది కూడా సీటింగ్ అరేంజ్‌మెంటే, కానీ ఇందులో మనుషులు అలుగుతారు" అన్నప్పుడు నాకు ఆసక్తి కలిగింది ఆ చివరి మాట దగ్గరే.

ఆట పేరు 'ఈజ్ దిస్ సీట్ టేకెన్?'. బార్సిలోనాకు చెందిన పోటి పోటి అనే చిన్న స్టూడియో తయారు చేసింది. 2025 ఆగస్టులో ఫోన్లకు, కంప్యూటర్లకు, నింటెండో స్విచ్‌కు విడుదలైంది. అదే నెల 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం మొదలై పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమైంది. ఆళ్ళగడ్డ బస్సు స్టాండులోకి వచ్చేసరికి కిటికీల్లోంచి కర్చీఫులు, సంచులు, ఒక్కోసారి చంటిపిల్లలు కూడా సీట్ల మీద వాలడం చూస్తూ ఈ ఆటలోని బస్సు స్థాయిలు ఆడాను. కాబట్టి నా తీర్పులో కొంత పక్షపాతం ఉండవచ్చు.

ఆటలో మనుషులు మనుషుల్లా ఉండరు. చతురస్రాలు, త్రిభుజాలు, వృత్తాలు. వాటికి కళ్ళు, నోరు, కాళ్ళు, ఒక్కోదానికి టోపీయో సామానో. సినిమాల్లో నటించాలని కలలు కనే నాట్ అనే సమచతుర్భుజం ప్రయాణం చుట్టూ స్థాయిలను అల్లారు. కథ పలచనిదే, చదవకుండా దాటేసినా నష్టం లేదు. అసలు సంగతి స్థలాల్లో ఉంది: బస్సు, ఇరుకు టాక్సీ, సినిమా హాలు, పెళ్ళి విందు. ప్రతిచోటా ఖాళీ సీట్లుంటాయి, పక్కన కొందరు నిలబడి ఉంటారు. ఒక్కొక్కరిని వేలితో తాకితే వాళ్ళకేం కావాలో తెలుస్తుంది. ఒకరికి కిటికీ పక్కన కావాలి. ఒకరు అత్తరు గుమ్మరించుకుని వచ్చారు, ఇంకొకరికి వాసనలు పడవు. ఒకరు నిద్రపోవాలనుకుంటారు, ఒకరు పాటలు గట్టిగా పెడతారు. వేలితో లాగి సీటులో పెట్టాలి. నచ్చితే మొహం విచ్చుకుంటుంది, నచ్చకపోతే మాడుతుంది. అందరి మొహాలూ బాగుపడితే స్థాయి ముగిసినట్లే. గడియారం పరుగెత్తదు, మార్కుల పట్టిక ఉండదు, ఎవరికంటే ఎవరు ముందున్నారన్న గోల లేదు. నేను ఆడినంతసేపు ప్రకటన ఒక్కటీ అడ్డుపడలేదు.

నాకు బాగా నచ్చినది ఈ కోరికల తీరు. మా పరీక్షల్లో "డి అనే వ్యక్తి ఎఫ్‌కు ఎడమవైపున మూడో స్థానంలో కూర్చున్నాడు" అంటారు. ఎందుకు మూడో స్థానం? డికీ ఎఫ్‌కూ మధ్య ఏం జరిగింది? తెలియదు. అది గుర్తుంచుకోవడానికి కొక్కెం ఏమీ ఉండదు కాబట్టి పిల్లలు ప్రతి వాక్యాన్నీ నాలుగుసార్లు చదువుతారు, అక్కడే సమయం పోతుంది. ఈ ఆటలో వాసన పడనివాడిని ఒకసారి చూస్తే చాలు, మళ్ళీ చదవక్కర్లేదు. అత్తరువాడు ఎక్కడ కూర్చుంటే ఇతను అక్కడ ఉండడని మనసు తనంతట తానే పట్టుకుంటుంది. లాజిక్ అదే, నియమాలు అవే, కారణం తోడైంది. నేను క్లాసులో ఎప్పటి నుంచో చేస్తున్న పనిని ఎవరో బార్సిలోనాలో కూర్చుని ఇంత అందంగా బొమ్మలు వేసి చేశారని చూసి కొంచెం అసూయ కూడా కలిగింది.

ఇక లోపం. పెద్దదే.

మొహం వెంటనే మారడం ఈ ఆటకు ప్రాణం, అదే దీని బలహీనత కూడా. ఒకరిని సీటులో పెట్టగానే తప్పో ఒప్పో తెలిసిపోతుంటే ఇక ఆలోచించాల్సిన అవసరం ఎవరికి? ఎక్కడో ఒకచోట పెట్టడం, మొహం చూడటం, మాడితే పక్క సీటుకు జరపడం. తొలి స్థాయిలు చాలా వరకు ఇలాగే, కోరికలు పూర్తిగా చదవకుండానే గట్టెక్కిపోతాయి. ఫోను చేతికిచ్చిన మా క్లాసు అమ్మాయి ఆడిన తీరు అచ్చం ఇదే. వేలు ఆగకుండా తిరుగుతుంది, బుర్ర మాత్రం కదలదు. ఇలా ఆడి "చాలా తేలిక, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది" అని పెదవి విరిచేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. వాళ్ళు ఆడింది జరుపుడు ఆట, సీటింగ్ ఆట కాదు.

నేను పెట్టుకున్న నియమం ఒకటే: అందరి కోరికలూ చదివి, ఎవరు ఎక్కడో తలలో తేలేదాకా తెర మీద వేలు పెట్టను. పెట్టడం మొదలుపెట్టాక ఒక్క మొహం మాడినా ఆ స్థాయి ఓడినట్లే లెక్క. ఈ నియమంతో ఆట పూర్తిగా మారిపోతుంది. పది మంది దాకా ఉండే స్థాయిల్లో కాగితం అవసరమవుతుంది.

ఆట పద్ధతిలోనే నేను క్లాసు కోసం కల్పించిన లెక్క ఒకటి చెబుతాను. సినిమా హాలులో ఒక వరుస, ఐదు సీట్లు. అత్తరువాడికి ఎడమ చివర కావాలి. నిద్రపోయేవాడికి గోడకు తల ఆనించుకోవడానికి కుడి చివర కావాలి, పాటలవాడు పక్కన ఉండకూడదు. తలనొప్పి ఉన్నావిడకు అత్తరువాడూ పడడు, పాటలవాడూ పడడు. ఆవిడ స్నేహితురాలికి ఆవిడ పక్కనే కావాలి. పాటలవాడికి ఏ కోరికా లేదు, ఎక్కడైనా సరే.

ఐదుగురిని ఐదు సీట్లలో 120 రకాలుగా కూర్చోబెట్టవచ్చు. పిల్లలు చేసే మొదటి పని రెండు చివరలూ నింపడం. అది సరైనదే, దానితో 120 కాస్తా 6 అవుతుంది. ఆ తర్వాత చాలామంది స్నేహితురాలిని పట్టుకుంటారు, ఎందుకంటే ఆమె కోరిక కళ్ళకు స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ఒక దారి పలు దారులుగా చీలుతుంది. పట్టుకోవాల్సింది తలనొప్పి ఆవిడను. రెండో సీటు అత్తరు పక్కన, కుదరదు. మూడోది నట్టనడుమ, అక్కడ కూర్చుంటే పాటలవాడు ఏదో ఒక పక్క తగులుతాడు, కుదరదు. ఇక మిగిలింది నాలుగో సీటు. ఆవిడ పక్కన మూడో సీటులో స్నేహితురాలు, రెండోదాంట్లో పాటలవాడు. అయిపోయింది. పాటలవాడు నిద్రపోయేవాడికి దూరంగా దానంతట అదే పడ్డాడు, ఆ నియమాన్ని వాడాల్సిన పనే రాలేదు.

ఎక్కువ అభ్యంతరాలున్న వాళ్ళను ముందు కూర్చోబెట్టాలి, సర్దుకుపోయేవాళ్ళను చివరకు ఉంచుకోవాలి. పెళ్ళి భోజనాల్లో పంక్తి నడిపించే పెద్దవాళ్ళకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. వియ్యపురాలికి ఎదురుగా ఎవరు పడకూడదో, రెండేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ముల మధ్య ఎందరిని కూర్చోబెట్టాలో వాళ్ళు మొదట తేల్చుకుంటారు. ఎక్కడైనా తినేసి వెళ్ళే మేనమామ సంగతి చివర్లో చూస్తారు. ఈ ఆటలోని పెళ్ళి విందు స్థాయిలు చూసి మా అత్తగారు నా చేతిలోంచి ఫోను లాక్కుని, ఆటలోని ఇంగ్లీషు తెలియకపోయినా నేను చదివి చెబుతుంటే, నేనింకా కాగితం వెతుక్కుంటుండగానే పూర్తి చేశారు. "వీళ్ళకు అలకలు తక్కువ" అని ఒక్క ముక్క మాత్రం అన్నారు.

ఆ విమర్శ నిజమే. విందు అన్న తర్వాత ఇంకాస్త ముడి పడాలి. 1891లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వర్డ్ లూకా ఒక ప్రశ్న వేశాడు: కొన్ని జంటలను గుండ్రటి బల్ల చుట్టూ ఆడ, మగ ఒకరి తర్వాత ఒకరుగా కూర్చోబెట్టాలి, ఏ భార్యా తన భర్త పక్కన ఉండకూడదు, ఎన్ని రకాలుగా వీలవుతుంది? సీట్లకు వేర్వేరు అంకెలు వేశామనుకుంటే, నాలుగు జంటలకు జవాబు 96. ఏ షరతూ లేకపోతే ఆ ఎనిమిది మందికి 40,320 దారులున్నాయి. రెండు చిన్న పట్టింపులకు ఎంత తగ్గిపోయిందో చూడండి. ఈ ఆట తయారుచేసినవాళ్ళు అలాంటి బిగింపు దాకా వెళ్ళలేదు. కావాలనే వెళ్ళలేదనుకుంటాను. ఆడేవాళ్ళు అలసిపోకూడదన్న జాగ్రత్త ప్రతి స్థాయిలోనూ కనిపిస్తుంది. నాలాంటి వాళ్ళకు ఆ జాగ్రత్త అతిగా అనిపిస్తుంది.

ఇంకో విషయం మా క్లాసులో పెద్ద తగవే తెచ్చింది. కొన్ని స్థాయిలకు ఒకటి కంటే ఎక్కువ జవాబులుంటాయి. ఇద్దరు అబ్బాయిలు ఒకే స్థాయిని వేర్వేరుగా పూర్తి చేసి ఫోన్లు నా ముందు పెట్టారు. "మేడమ్, ఆట ఇద్దరిదీ ఒప్పే అంటోంది. మరి సరైనది ఏది?" రెండూ సరైనవే అంటే వాళ్ళు నమ్మలేదు. ఏళ్ళ తరబడి ఒకే జవాబుకు గుండ్రం చుట్టి చుట్టి వాళ్ళకు లోకం అలా ఉంటుందని అలవాటైంది. బ్యాంకు పరీక్షలో ఒకే అమరిక రావాలి, లేకపోతే కింద అడిగిన ఐదు ప్రశ్నలకూ అర్థం ఉండదు. ఇక్కడ ఆ బాధ లేదు, అందరూ ఒప్పుకుంటే చాలు. ఆటగా అది హాయి. కానీ మా పనికి ముఖ్యమైన ఒక సుఖం దీనితో పోతుంది: ఇక వేరే దారి లేదని నిరూపించడంలోని సుఖం. తలనొప్పి ఆవిడకు నాలుగో సీటు తప్ప గతి లేదని తేలిన క్షణంలో ఉన్నది, ఆవిడకు నాలుగో సీటు కూడా పనికొస్తుంది అన్నప్పుడు ఉండదు. ఒక జవాబే వచ్చే స్థాయిల కోసం నేను ఇందులో వెతుక్కుంటూ ఆడాను. అవి ఉన్నాయి, సినిమా హాలు స్థాయిల్లో కొన్ని చాలా బాగున్నాయి.

ఇది ఆడితే పరీక్షకు పనికొస్తుందా అని అడిగేవాళ్ళకు సూటిగా చెబుతాను: చాలా కొద్దిగా. బ్యాంకు ఆఫీసరు ఉద్యోగాలకు తొలి దశ పరీక్ష అయిన ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో రీజనింగ్‌కు 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు కోత. అక్కడ కావాల్సిన మొదటి నేర్పు ఏ సెట్టు ముట్టుకోవాలో, ఏది వదిలేయాలో అర నిమిషంలో తేల్చుకోవడం. ఈ ఆటలో దేన్నీ వదిలేయనక్కర్లేదు కాబట్టి ఆ నేర్పు రాదు. బల్లవైపు తిరిగి కూర్చున్నవాడి కుడిచేయి గడియారం ముళ్ళకు ఎదురు దిశలో ఉంటుందన్న మా నిత్య పారాయణకూ ఇక్కడ చోటు లేదు. వచ్చేది ఒకటుంది. సీటింగ్ అనగానే భయపడి చివరి పేజీలోకి తోసేసే పిల్లలు కొందరుంటారు, తెలుగు మీడియంలో చదివి ఆ పొడుగాటి ఇంగ్లీషు వాక్యాలు చూడగానే చేతులెత్తేసే వాళ్ళు. వాళ్ళ చేత ఈ ఆట రెండు రోజులు ఆడించాను. ఇందులో ఇంగ్లీషు కోరికలు నాలుగైదు మాటల్లో ముగుస్తాయి, పక్కన బొమ్మ ఆసరాగా ఉంటుంది. ఆ తర్వాత ఐదుగురి వరుస లెక్క ఇస్తే కాగితం మీద గళ్ళు గీయడానికి వెనకాడలేదు. అంతకు మించి ఆశించవద్దు.

చిన్న తెర ఫోనులో ఆడితే కళ్ళు లాగుతాయి. ఎక్కువ మంది ఉన్న స్థాయిల్లో ఆకారాలు చీమలంత అవుతాయి, ఒకరిని తాకబోతే పక్కవాళ్ళు లేస్తారు. టాబ్లెట్ ఉంటే అందులో ఆడటం మేలు. నేను ఆడింది ఇంగ్లీషులోనే. ఎవరైనా తెలుగు చేస్తే బాగుండు. చేసేవాళ్ళకు ఒక మనవి: ఆ బస్సు స్థాయిల్లో డ్రైవరు వెనక స్త్రీలకు కేటాయించిన సీట్లు, ఇంజన్ పక్కన పాల క్యాను, వయసు అడక్కుండానే లేచి చోటిచ్చే కుర్రాడు, ఎంత పిలిచినా లేవని కుర్రాడు, వీళ్ళందరినీ చేర్చండి. ముందే కర్చీఫు వేసిన సీటును ఇంకొకరికి ఇచ్చారంటే ఎన్ని మొహాలు మాడతాయో ఆ లెక్క కూడా పెట్టండి. అప్పుడు మా అత్తగారు కూడా కాగితం అడుగుతారు.

లెక్కల మీద మక్కువ ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు, కానీ నా నియమంతో ఆడండి, లేకపోతే డబ్బు దండగ అనిపిస్తుంది. పదేళ్ళు దాటిన పిల్లలున్న ఇళ్ళకు కళ్ళు మూసుకుని చెబుతాను, పక్కన పెద్దవాళ్ళు కూర్చుని "ఎందుకు అక్కడే?" అని అడుగుతూ ఉంటే ఇంకా మంచిది. లూకా ప్రశ్న లాంటి బిగువు కోరేవాళ్ళు ఇందులో దిగితే ఆకలి తీరదు. ప్రిలిమ్స్ నెల లోపు ఉన్న మా క్లాసు పిల్లల ఫోన్లలోంచి మాత్రం దీన్ని నేనే తీయించాను. పరీక్ష రాసిన రోజు సాయంత్రం మళ్ళీ ఎక్కించుకోమని చెప్పాను.