సింహాచలం గిరి ప్రదక్షిణా, విశాఖ బురుజుపేట అమ్మవారా... మనసు బాగోనప్పుడు ఏది?

అమ్మ పోయాక రెండూ చేశా, అందుకే చెప్తున్నా. సింహాచలం అప్పన్న స్వామి కొండ చుట్టూ నడిచే గిరి ప్రదక్షిణ ఆషాఢ పౌర్ణమికి, తొలిపావంచా (కొండ కింద మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలెడితే 32 కిలోమీటర్లు, హనుమంతువాక దాటి అప్పూఘర్ దగ్గరికొచ్చేసరికి నాకు కాళ్ళు లాగేశాయ్, వానకి తడిసి ముద్దయ్యా, అప్పుడు ముక్కూమొహం తెలీని పెద్దాయనెవరో మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టి "తాగమ్మా, అప్పన్న ఉన్నాడు" అన్నాడు, అంతే, రోడ్డు పక్కనే కూర్చుని భోరుమన్నా. ఆర్నెల్లుగా రాని ఏడుపు అది.

బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గర వేరేలా ఉంటది. గర్భగుడికి పైకప్పు లేదు, మన చేత్తోనే పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు, ఆ తడి పసుపు వేళ్ళకి అంటుకుంటే అమ్మ చెయ్యే గుర్తొచ్చింది నాకు. మార్గశిర గురువారాలు మాత్రం వద్దు, జనం. మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి.

నా మటుకు లోపల గడ్డకట్టిన బాధకి నడకే, రోజూ కాస్తకాస్త తేరుకోడానికి అమ్మవారు. మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు అంత దూరం నడకకి దిగొద్దు ప్లీజ్. ఇంకోటి, నిద్రకి డాక్టర్ ఇచ్చిన మాత్రలు నేను మానలేదు, మీరూ మానకండి.