మా పాట పోయింది: ఫిర్యాదా, దావానా, రాజీయా?

మూడేళ్ల కిందట చీపురుపల్లి దగ్గర ఒక పల్లెలో తప్పెటగుళ్ల బృందాన్ని రెండు రాత్రులు కూర్చుని రికార్డు చేశాను. మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు ఫోన్ తెచ్చి, "మావయ్యా, ఇది నువ్వు తీసినదే కదా?" అన్నాడు. ఒక పెద్ద కంపెనీ యాప్‌లో, వాళ్ల సొంత మ్యూజిక్ లైబ్రరీలోనే మా తప్పెట మోత ఉంది. బృందం గురువుగారి గొంతు స్పష్టంగా తెలిసిపోతోంది. పేరు మాత్రం ఎక్కడా లేదు. నాలుగు మెయిళ్లు పెడితే నాలుగింటికీ ఒకే జవాబు వచ్చింది. అది మనిషి రాసింది కాదు.

అప్పటి నుంచి శ్రీకాకుళంలో ఇద్దరు లాయర్లను కలిశాను, చట్టం చదివాను. మాలాంటి వాళ్లు ఇంకా ఉంటారని ఇది రాస్తున్నాను.

ముందు మనది ఏది? తరతరాల పాట మీద ఎవరికీ కాపీరైట్ లేదు. కానీ రికార్డింగ్ మీద దాన్ని తయారుచేసిన వాళ్లకి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పాడి ఆడినవాళ్లకి ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు. రిజిస్టర్ చేయకపోయినా ఈ హక్కులు పోవు.

అన్నిటికన్నా చవకైంది ఫిర్యాదు. ఎవరో మన రికార్డింగ్‌ని ఏదో సైట్‌లో ఎక్కిస్తే, రాతపూర్వకంగా ఫిర్యాదు అందిన 36 గంటల్లో ఆ సైట్ దాన్ని ఆపాలని 2013 కాపీరైట్ రూల్స్ చెబుతున్నాయి. అయితే 21 రోజుల్లో కోర్టు ఆర్డర్ తేకపోతే మళ్లీ తెరుచుకోవచ్చు. యూట్యూబ్‌లోనూ అంతే, అవతలివాడు ఎదురు నోటీసు ఇస్తే మనం దావా వేసినట్టు చూపించాలి. అంటే ఈ దారి చివరికి కోర్టు గుమ్మం దగ్గరే తేలుతుంది. పైగా మా విషయంలో పాట పెట్టుకున్నది ఎవరో కాదు, కంపెనీయే. పాటను ఏఐకి మేపేసి ఉంటే ఇక తీయించడానికి లింకే ఉండదు.

దావా మాటకొస్తే, చట్టం మనకి ఒక మంచి పని చేసింది. 1957 కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం హక్కుదారు తను ఉండే జిల్లాలోనే దావా వేసుకోవచ్చు, ఢిల్లీ, బెంగళూరు తిరగక్కర్లేదు. కానీ వాయిదాల సంగతి? కంపెనీకి వాయిదా అంటే ఖర్చుల పుస్తకంలో ఒక గీత. గురువుగారికి ఒక రోజు కూలి, పైన బస్సు చార్జీలు. న్యూయార్క్ టైమ్స్ అంతటి పత్రికే ఏఐ కంపెనీల మీద కేసులకి 2024లో కోటి 8 లక్షల డాలర్లు ఖర్చయిందని లెక్క చూపింది. రాస్ ఇంటెలిజెన్స్ అనే చిన్న ఏఐ కంపెనీ మీద థామ్సన్ రాయిటర్స్ అనే పెద్ద కంపెనీ కేసు వేస్తే, ఆ ఖర్చు మోయలేక తీర్పు రాకముందే రాస్ మూతబడింది. తప్పొప్పులు తేలేలోపే డబ్బున్నవాడు ఎలా గెలుస్తాడో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? నాకు కోపం వచ్చేది ఇక్కడే.

గుంపుగా వెళ్తే లెక్క మారుతుంది. అమెరికాలో ముగ్గురు రచయితలు అందరి తరఫున నిలబడి ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ మీద వేసిన కేసు 2025లో 150 కోట్ల డాలర్ల రాజీకి వచ్చింది, పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు. అందులో వాటా అక్కడ సకాలంలో రిజిస్టర్ అయిన పుస్తకాలకే. ఆ షరతు చదివాక నాకు నిద్ర పట్టలేదు, మా రికార్డింగులు ఒక్కటీ రిజిస్టర్ చేయలేదు. మన దగ్గర కాపీరైట్ ఆఫీసులో సౌండ్ రికార్డింగ్ రిజిస్టర్ చేయడానికి ఫీజు 2,000 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. తర్వాత కోర్టులో అదే మొదటి సాక్ష్యం. ఇది మాత్రం ఇవాళే చేయండి.

ఇవన్నీ గురువుగారికి చెప్పాను. ఆయన అంతా విని, "డబ్బు సంగతి తర్వాత సూద్దాం గానీ, ముందు నా పేరెయ్యమని సెప్పు బాబూ" అన్నారు.

ఆ మాటతో నా తూకం మారింది. ప్రదర్శకుడిగా పేరు చెప్పించుకునే హక్కు 2012 సవరణతో చట్టంలోనే ఉంది. పేరు కోసమైతే ఏళ్ల తరబడి దావా కన్నా మధ్యవర్తిత్వం మేలు. 3 లక్షలు, ఆపైన విలువున్న వాణిజ్య వివాదాల్లో అత్యవసర ఉత్తర్వు అడగనప్పుడు దావాకి ముందు ఎలాగూ అది తప్పనిసరి. కంపెనీ రాకపోతే రాలేదని నివేదిక ఇస్తారు, అప్పుడు దావా తలుపు తెరిచే ఉంటుంది. ఇంకో సంగతి, ఆదాయం తక్కువున్న వాళ్లకీ, ఆదాయంతో పని లేకుండా స్త్రీలకీ, ఎస్సీ, ఎస్టీలకీ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, కోర్టు ఫీజూ భరిస్తుంది. నేను ముందు నిలబడితే ఖర్చు నాది. గురువుగారు నిలబడితే ఆ బెంగ చాలావరకు తీరుతుంది.

అందుకే మధ్యవర్తిత్వానికి దరఖాస్తు ఆయన పేరుతోనే రాయిస్తున్నాం. అసలు ఫైళ్లు తేదీలతో సహా పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. ఆ రెండు రాత్రుల ఫొటోలూ, బృందంలో అందరి సంతకాలతో ఒక కాగితమూ జత చేశాం. వచ్చే సోమవారం ఇద్దరం కలిసి విజయనగరం వెళ్తున్నాం.