43 నిమిషాల పాటకు చోటు వెతుక్కుంటూ బెంగళూరులో మూడు రోజులు

ఏటా ఆగస్టు 10 దగ్గరపడుతుంటే మా పెద్దమ్మ కొడుకు బెంగళూరు నుంచి ఫోను చేస్తాడు. "టికెట్ తీశావా?" అన్నది ఒక్కటే ప్రశ్న. ఆ రోజు జెత్రో టల్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండుకు ప్రాణమైన గాయకుడు, ఫ్లూట్ వాద్యకారుడు ఇయన్ ఆండర్సన్ పుట్టినరోజు. 1947లో స్కాట్లాండులోని డన్ఫర్మ్‌లిన్‌లో పుట్టిన మనిషికి బనశంకరిలో ఒక మేడ మీది గదిలో పుట్టినరోజు జరుగుతుంది. కేకు ఉండదు, కొవ్వొత్తులు ఉండవు. 1972లో ఆ బ్యాండు తెచ్చిన 'థిక్ యాజ్ ఎ బ్రిక్' రికార్డును మొదటి నుంచి చివరిదాకా, పెదవి విప్పకుండా వింటాం. రికార్డంతా కలిపి ఒకే పాట. నిడివి 43 నిమిషాల పైచిలుకు.

2025లో ఆ తేదీ ఆదివారం పడింది. ముందురోజే వెళ్లి మరునాడు తిరిగి వద్దామనుకున్నాను. అన్నయ్య ఇంట్లో వరలక్ష్మీ వ్రతానికి వచ్చిన చుట్టాలు ఇంకా ఉన్నారు కనుక బస బయటే. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. ఈసారి వెళ్లిన ప్రతి చోటునూ ఒకే కొలతతో చూడాలి: ఇక్కడ ఆ పాటను పూర్తిగా వినగలమా? గది శుభ్రత, తిండి రుచి, మనుషుల మర్యాద ఎలాగూ చూస్తాం. కానీ నాలాంటి వాడు బెంగళూరు వెళ్లేది దేని కోసమో దాన్ని బట్టే కదా తూకం వేయాలి.

కర్నూలులో వందే భారత్ ఎక్కాను. కాచిగూడ నుంచి యశ్వంతపూర్ వెళ్లే ఈ బండి 2023 సెప్టెంబరులో మొదలయ్యాక నా ప్రయాణం పగటిపూటకు మారింది. రాత్రి బస్సులో నడుము పట్టేసేది, ఇప్పుడు ఆ బాధ లేదు. ఉదయం ఎక్కితే మధ్యాహ్నం రెండు ప్రాంతానికి దిగుతాం. కూర్చునే బండే కనుక కిటికీ పక్క సీటు దొరికితే అదృష్టం.

గుత్తి దాటాక వేరుశనగ చేలు కనిపిస్తుంటే విత్తనాలు విత్తే మా తాత గొర్రు గుర్తుకొచ్చింది. ఈ బ్యాండుతో నా మొదటి పరిచయం ఆ గొర్రు దగ్గరే. 1981 వేసవి సెలవుల చివర్లో, విత్తనాల సమయానికి అన్నయ్య బెంగళూరు నుంచి ఒక క్యాసెట్ తెచ్చాడు. 'జెత్రో టల్' అన్నది పాడేవాళ్ల పేరు కాదని, 1701 ప్రాంతంలో ఇంగ్లండులో విత్తనం విత్తే యంత్రం తయారుచేసిన ఒక వ్యవసాయవేత్త పేరని చెప్పాడు. మొదట్లో ఈ కుర్రాళ్లు వారానికో పేరు మార్చుకునేవారట. చరిత్ర మీద ఇష్టమున్న ఒక ఏజెంటు ఆ పేరు పెట్టిన వారంలో వాళ్లను క్లబ్బు వాళ్లు మళ్లీ పిలిచారు, దాంతో అదే నిలిచిపోయింది. తాత అంతా విని, "గొర్రు ఆయన చేశాడు సరే, జడ్డిగంలో గింజలు పోసిందెవరు?" అని అడిగాడు. గొర్రు మీది ఆ జడ్డిగమనే గిన్నెలో గింజలు పోసే పని మా ఊళ్లో ఆడవాళ్లది. తాత ప్రశ్నకు అన్నయ్య దగ్గర జవాబు లేకపోయింది. ఆ రాత్రి క్యాసెట్ పెట్టినప్పుడు తాత కూడా మంచం మీద పడుకుని చివరిదాకా విన్నాడు. తెల్లవార్లూ హరిశ్చంద్ర పద్యనాటకం చూసి, కాటిసీను పద్యానికి 'వన్స్‌మోర్' కొట్టి మరీ మళ్లీ పాడించుకునే మనిషికి 43 నిమిషాలు ఒక లెక్కా!

యశ్వంతపూర్‌లో దిగి మెట్రో ఆకుపచ్చ లైనులో మెజెస్టిక్, అక్కడ ఊదా లైనుకు మారి మహాత్మా గాంధీ రోడ్డు. సామాను తేలికగా ఉంటే ఇంతకంటే సుఖమైన దారి లేదు. వాన తుంపర పడుతున్న శనివారం మధ్యాహ్నం ఆటో ఎక్కి ఉంటే సాయంత్రానికి గాని చేరేవాణ్ణి కాను.

మొదటి రాత్రికి చర్చ్ స్ట్రీట్ దగ్గర ఒక హోటల్ తీసుకున్నాను, 3,400 రూపాయలు. పక్క దుప్పట్లు తెల్లగా ఉన్నాయి, వేడినీళ్లు వెంటనే వచ్చాయి, కింద బల్ల దగ్గరి కుర్రాడు తెలుగులో పలకరించాడు. గది మాత్రం రోడ్డు వైపు. ఎదురు మేడ మీద మద్యశాల. రాత్రి ఒంటిగంట వరకు డప్పు మోత కిటికీ అద్దాన్ని అదరగొడుతూనే ఉంది. వెనకవైపు గది ఇమ్మని రెండుసార్లు అడిగాను, అన్నీ నిండిపోయాయన్నారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాట మొదలుపెట్టాను. మొదట్లో అకౌస్టిక్ గిటార్ ఒంటరిగా, చాలా మెల్లగా వస్తుంది. అది వినపడలేదు, ఆపేశాను. ఆ వీధిలో దిగేవాళ్లు డబ్బు కట్టేముందే వెనకవైపు గది ఖాయం చేసుకోండి. నిద్ర ముఖ్యమైతే అసలు అక్కడ దిగవద్దు.

కానీ సాయంత్రాలు గడపడానికి చర్చ్ స్ట్రీట్‌ను మించింది లేదు. బ్లాసమ్‌లో పాత పుస్తకాల అరల మధ్య గంటసేపు తిరిగాను. అక్కడ ఎవరూ 'ఏం కావాలి' అని వెంటపడరు, నేలమీద కూర్చుని చదువుకున్నా ఏమీ అనరు. తరువాత ఒక చిన్న రికార్డుల దుకాణానికి వెళ్లాను. మా రికార్డు కొత్త ముద్రణ ఉంది, ధర 3,600. కొనే ఉద్దేశం లేదని ముందే చెప్పినా యజమాని అట్ట తెరిచి చూపించాడు. ఆ అట్ట సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. అది 12 పేజీల వార్తాపత్రిక. ఇంగ్లండులోని ఒక ఊహా పట్టణపు స్థానిక వార్తలు, ప్రకటనలు, గళ్లనుడికట్టు, చాలావరకు బ్యాండు వాళ్లే కూర్చుని రాశారు. పాట రాసింది జెరల్డ్ బోస్టాక్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడని అందులో వార్త. ఆ పిల్లవాడూ కల్పితమే. అంతకుముందు ఏడాది వచ్చిన ఇదే బ్యాండు 'ఆక్వాలంగ్'ను విమర్శకులు పాటలన్నీ ఒకే ఇతివృత్తంతో నడిచే ఆల్బమ్ అన్నారు. ఆండర్సన్ కాదన్నాడు, ఎవరూ వినలేదు. 'అయితే ఇదిగో, అసలైన ఇతివృత్తం ఇలా ఉంటుంది' అన్నట్టు ఎగతాళిగా మొదలుపెట్టిన పని ఇది. ఆ ఎగతాళే అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. దుకాణదారు హెడ్‌ఫోన్లు ఇచ్చి ఒకవైపు పూర్తిగా విననిచ్చాడు. మధ్యలో వచ్చిన ఇద్దరు కొనుగోలుదారులను కాసేపు ఆగమన్నాడు కూడా. అంతటి మర్యాద చేసే దుకాణాలు ఇంకా ఉన్నందుకు సంతోషం వేసింది.

రాత్రి భోజనానికి ముందు రెస్ట్‌హౌస్ రోడ్డులో పెకోస్ అనే పబ్బుకు వెళ్లాను. రాక్ సంగీతానికి పేరుపడ్డ చోటు. శనివారం కావడంతో నిలబడటానికి కూడా సందు లేదు. అక్కడికి వారం మధ్యలో, మధ్యాహ్నం వేళ వెళ్లాలి. పక్క వీధిలో ఇంకో చోట బల్ల దొరికింది. నిమ్మరసం చెప్పి, పాట అడిగాను. కుర్రాడు పెట్టాడు, కానీ మూడు నిమిషాలకే అయిపోయింది. అది రేడియో కోసం కత్తిరించిన ముక్క. పూర్తిది పెట్టమంటే, "అంత పొడుగు పాట పెడితే మిగతావాళ్లు ఊరుకోరు సార్" అన్నాడు. అతని ఇబ్బంది నిజమైనదే. నాకు మాత్రం పద్యం ఎత్తుకుని రాగం తీయకుండా తెర దించేసినట్టు అనిపించింది.

అప్పుడే పక్క బల్ల నుంచి ఒక అమ్మాయి లేచి వచ్చింది. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగమట, విజయవాడ అమ్మాయి. "అంకుల్, పూర్తి పాట అడిగింది మీరేనా? మా నాన్నగారు ఆదివారం పొద్దున్నే పెట్టేవారు. అది అయ్యేదాకా మాకు టిఫిన్ ఉండేది కాదు" అంది. 2012లో ఆండర్సన్ ఆ జెరల్డ్ బోస్టాక్ పెద్దయ్యాక ఏమై ఉంటాడో ఊహిస్తూ రెండో భాగం చేశాడు కదా, అది కూడా ఆ అమ్మాయికి తెలుసు. వాళ్ల నాన్న ఇప్పుడు లేరు. ఆ పాటలోని ఒక ఫ్లూట్ ముక్కను చేత్తో బల్ల మీద తాళం వేస్తూ కూనిరాగంగా పాడింది, తప్పు లేకుండా. మేము పావుగంట మాట్లాడుకున్నాం. ఆ సాయంత్రం మొత్తంలో నాకు దక్కినది ఆ పావుగంటే.

ఆదివారం పొద్దున్నే బసవనగుడికి మారాను. చెట్ల నీడలో ఉన్న సాధారణ లాడ్జి, 1,800 రూపాయలు. బల్లలు పాతవి, టీవీ పనిచేయలేదు, తువ్వాలు అడిగితే గాని ఇవ్వలేదు. అయినా పది నిమిషాలు కిటికీ దగ్గర కూర్చుంటే కాకి అరుపు, గుడి గంట తప్ప మరో చప్పుడు లేదు. నా తూకంలో ఇదే బరువైన బస. గాంధీ బజార్‌లోని విద్యార్థి భవన్‌కు నడిచి వెళ్లాను. 1943 నాటి హోటల్. నలభై నిమిషాలు వరుసలో నిలబడ్డాను. చేతి మీద దొంతరగా దోసెలు పేర్చుకుని వచ్చే వడ్డనవాళ్లను చూస్తుంటే ఆ నిరీక్షణ బరువనిపించలేదు. దోసె పైన కరకర, లోపల మెత్తన. నెయ్యి ఎక్కువ, కారం తక్కువ. మా కర్నూలు నాలుకకు చట్నీ చప్పగానే ఉంటుంది.

జె.పి. నగర్‌లోని ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ మ్యూజియం చూడాలని ఎన్నాళ్లుగానో ఉంది. ఆ రోజే ప్రధాని మెట్రో పసుపు లైను ప్రారంభోత్సవానికి రాగిగుడ్డ రావడంతో దక్షిణ బెంగళూరులో దారులు మళ్లించారు. మదనపల్లె నుంచి వచ్చి స్థిరపడిన ఆటో డ్రైవరు సందుల్లోంచి తిప్పి తీసుకెళ్లి, మీటరు మీద పైసా అదనంగా అడగలేదు. మ్యూజియం పిల్లలతో వెళ్లేవాళ్లకు ఎంతో బాగుంటుంది. తోటలో కొట్టి, తట్టి, మోగించి చూసే వాద్యాలున్నాయి. నేను ఎక్కువసేపు నిలబడింది వాద్యాల గదిలో. వెదురు వేణువు మీద వేలు నేరుగా రంధ్రాన్ని మూస్తుంది, గమకం అక్కడే పుడుతుంది. ఆండర్సన్‌ది మీటలున్న లోహపు ఫ్లూట్. పేరుమోసిన గిటార్ వాద్యకారుడు ఎరిక్ క్లాప్టన్ అంత గొప్పగా తాను ఎప్పటికీ వాయించలేనని తెలుసుకుని, 1967లో గిటార్ ఇచ్చేసి ఫ్లూట్ తెచ్చుకున్నాడు. గురువు లేడు. ఊదుతూనే గొంతుతో హుంకరించడం అమెరికన్ జాజ్ వాద్యకారుడు రోలండ్ కర్క్‌ను విని పట్టుకున్నది. ఏళ్ల తరువాత కూతురు బడిలో ఫ్లూట్ నేర్చుకుంటూ 'నాన్నా, నీ వేళ్లు తప్పు' అంటే, అప్పటికే లోకమంతా తిరిగి వాయించిన మనిషి మళ్లీ మొదటి నుంచి వేళ్లు దిద్దుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం పాట వల్ల ఎంతో, ఈ ఒక్క సంగతి వల్ల అంతే.

సాయంత్రం ఆరింటికి బనశంకరి చేరాను. చుట్టాలు కింద ఉన్నారు. వదిన మేడ మీదికి బొబ్బట్లు పంపి, "గంటదాకా ఎవరినీ రానివ్వనులే" అంది. ఇన్నేళ్లుగా ఆ గంటను కాపాడుతున్నది ఆవిడే.

అన్నయ్య హెచ్.ఎం.టి.లో చేతి గడియారాలు బిగించినవాడు. 1979లో ఫుట్‌పాత్ మీద రెండు వారాల టీ డబ్బులతో ఈ రికార్డు కొన్నాడు. వార్తాపత్రిక అట్ట మడతల దగ్గర చిరిగితే గడియారపు పని మనిషి కనుక చాలా సన్నగా, అక్షరం కప్పకుండా అతికించాడు. ఇప్పుడు ఎడమ చెవికి వినికిడి యంత్రం పెట్టుకుంటున్నాడు. పాట ముందు దాన్ని తీసేసి డబ్బాలో పెట్టాడు. "అందులోంచి వింటే ఫ్లూట్ ఈలలా ఉంటుందిరా. ఒక చెవి చాలు" అన్నాడు. కుడి చెవి స్పీకరు పెట్టె వైపు ఉండేలా కుర్చీ తిప్పుకున్నాడు.

మొదటి వైపు 22 నిమిషాల 40 సెకన్లు. అన్నయ్య గడియారం చూడడు. పాట గాలిలో కలిసిపోయే ముందే లేచి నిలబడతాడు, ముల్లు చివరి గాడిలోకి జారేసరికి చెయ్యి దాని మీద ఉంటుంది. అంచుల దగ్గర తప్ప రికార్డును ముట్టుకోడు. తిప్పి, తుడిచి, మళ్లీ ముల్లు దించుతాడు. నిజానికి ఒకే పాటను రెండుగా కోయవలసి వచ్చింది రికార్డు పట్టనందువల్ల. సీడీ అయితే తిప్పే పని లేదు. అయినా మాకు ఆ అర నిమిషం నిశ్శబ్దం పాటలో భాగమే.

పాట అయ్యాక ఎప్పటి తగువే. 1973 నాటి 'ఎ ప్యాషన్ ప్లే' దీనికంటే గొప్పదని అన్నయ్య, అది తనలో తానే చిక్కుకుపోయిందని నేను. తేలలేదు. తరువాత 2025 మార్చిలో వచ్చిన కొత్త ఆల్బమ్ ఫోనులో విన్నాం. ఆండర్సన్‌ది 1984 పర్యటనలో దెబ్బతిన్న గొంతు, పైగా 2020లో తనకు ఊపిరితిత్తుల జబ్బు ఉందని ఆయనే చెప్పాడు. ఆ జబ్బుతోనే 2022 నుంచి మూడు ఆల్బమ్‌లు తెచ్చాడు. గొంతు సన్నబడింది, పై స్వరాలకు వెళ్లడం లేదు. ఫ్లూట్ మాత్రం ఇంకా పొగరుగానే ఉంది. 2008 చివర్లో సితార్ వాద్యకారిణి అనౌష్కా శంకర్‌తో కలిసి బ్యాండు మన దేశానికి వచ్చినప్పుడు అమ్మ ఆసుపత్రిలో ఉండి నేను వెళ్లలేకపోయాను. ముంబై దాడుల తరువాత బాధితుల కోసం డిసెంబరు 5న అక్కడే కచేరీ చేశారని పేపర్లో చదివాను. ఇక వస్తారో రారో అన్న మాట ఇద్దరి నోటిదాకా వచ్చింది, ఇద్దరం అనలేదు.

సోమవారం మధ్యాహ్నం యశ్వంతపూర్‌లో తిరుగు బండి. ఎక్కేముందు అన్నయ్య ఫోను: "యలహంక దాటాక పెట్టు. హిందూపురం లోపు అయిపోతుంది. నేనూ ఇక్కడ పెడతాను." అలాగే పెట్టాను. పక్కసీటాయన నిద్రపోయాడు. మొదటి వైపు ముగిసే చోట అక్కడ అన్నయ్య లేచి ఉంటాడని తెలిసి, నేనూ అర నిమిషం ఆపాను.