కోనాం పులుసుకి పూర్తి మార్కులు, వేపుడుకి సగమే: విశాఖ బీచ్ రోడ్డు చేపల భోజనం

బీచ్ రోడ్డు సీఫుడ్ హోటళ్ళలో చాలావాటికి గుమ్మం దగ్గరే ఐసు పెట్టె ఉంటుంది. మెనూ కార్డు తెరిచే ముందు దానిలోకి తొంగి చూడండి. చేప కన్ను ఉబ్బి తేటగా ఉందా, మొప్ప ఎత్తితే ఎర్రగా ఉందా, వేలితో నొక్కితే గుంట వెంటనే పూడుతోందా? కన్ను లోపలికి పోయి తెల్లపొర కమ్మితే ఆ చేప వద్దు. కోసిపెట్టిన ముక్కలైతే నడిముల్లు దగ్గర చూడాలి. కండ ముల్లుని అంటిపెట్టుకుని ఉంటే తాజాది, విడిపోతుంటే పాతది. పెట్టె చూపించడానికి నసిగే హోటల్లో చేప అడక్కుండా బిర్యానీ తిని రావడం మేలు.

వంజరాన్ని ఇక్కడ కోనాం అంటారు. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు అది వేరే చేప అనుకుని వదిలేస్తుంటారు. ఈ రోడ్డులో తినాల్సిందే కోనాం పులుసు. అది కూడా మధ్యాహ్నమే. పొద్దున కాచిన పులుసు ఒంటిగంటకి ముక్కలోకి బాగా దిగి ఉంటుంది. సరైన పద్ధతిలో ఉల్లి, కారం, చింతపండు రసం ముందు మరిగించి, పచ్చి ముక్కలు చివర్లో వేసి, పది పన్నెండు నిమిషాలు ఉడికిస్తారు. గరిటె పెట్టరు, గిన్నె పట్టుకుని తిప్పుతారు. రాత్రిపూట మాత్రం అడ్డదారి తొక్కేవాళ్ళున్నారు. వేయించిన ముక్కని అప్పటికప్పుడు గ్రేవీలో పడేసి తెస్తారు. పట్టుకోవడం తేలికే. ముక్క అంచున గోధుమరంగు పెచ్చు కడుతుంది, తుంచితే లోపల తెల్లగా, చప్పగా ఉంటుంది. పులుసు పులుసే, చేప చేపే.

వేపుడు దగ్గర పేచీ అంతా కోతలోనే. ముక్క అరంగుళం మందాన ఉండాలి. లాభం చూసుకుని పలచగా కోస్తే పెనం మీద ఎండిపోయి పీచులా తయారవుతుంది. ఎర్రరంగు, కార్న్‌ఫ్లోర్ దట్టంగా పట్టించారంటే లోపలి చేపని కాస్త అనుమానించాల్సిందే. ఆర్డరిచ్చేటప్పుడే ‘రంగు వద్దు, పెనం మీద వేయించండి’ అని చెప్పండి. నిమ్మకాయ చివర్లో పిండుకుంటే చాలు. ముందే పట్టించి గంటలకొద్దీ ఉంచితే కండ బిరుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. అపోలో ఫిష్ జోలికి వెళ్ళకండి. దానికి ముల్లు తీసిన ఏ చేపైనా సరిపోతుంది, అంతదూరం సముద్రం దాకా రానక్కర్లేదు. వేపుళ్ళలో నమ్మదగ్గవి నెత్తళ్ళు. చిన్నవి, ముల్లుతో సహా కరకరా నమిలేయొచ్చు. చల్లారితే పనికిరావు కాబట్టి అన్నంతో పాటు కాకుండా ముందే తెప్పించుకోండి.

రొయ్యల ఇగురులో రొయ్య చంద్రవంకలా వంగి ఉంటే సరిగ్గా ఉడికినట్టు. తల, తోక కలిసిపోయేలా చుట్ట చుట్టుకుంటే రబ్బరే. వీపు మీది నల్లనరం తీయకపోతే ఇసుక పంటికింద తగులుతుంది, అలాంటి ప్లేటు వెనక్కి పంపాల్సిందే. ఇక్కడి రొయ్య చాలావరకు చెరువులో పెంచిన వనామీయే. అది తప్పేం కాదు, సముద్రపు టైగర్ రొయ్య ధర వేస్తేనే తప్పు.

పీతకి మెనూలో ధర ఉండదు, ‘సైజును బట్టి’ అని రాస్తారు. బిల్లు దగ్గర గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. మీ కళ్ళెదుట తూకం వేయించి, మొత్తం ఎంతవుతుందో ముందే అడగండి. చేతిలోకి తీసుకుంటే సైజుకి మించిన బరువు తెలియాలి. తేలిగ్గా ఉంటే కొత్తగా డిప్ప మార్చుకున్న గుల్ల పీత, లోపల నీళ్ళే. డెక్కలు వండకముందే చితకమని చెప్పాలి. లేకపోతే మసాలా డిప్ప మీదే ఉండిపోతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేటకి నిషేధం. ఆ 61 రోజుల్లో పెద్ద కోనాం పెట్టెలో కనిపిస్తే అది చాలావరకు శీతల గిడ్డంగి సరుకో, పడమటి తీరం నుంచి వచ్చిందో అయ్యుంటుంది. తెప్పల మీద తెచ్చే కానాగంతలు, కవ్వళ్ళు లాంటి చిన్నచేపలు అప్పుడే ఎక్కువ రుచి. ఉన్నాయేమో అడగండి.

ఇంటికి పట్టుకెళ్ళేదుంటే పులుసే కట్టించుకోండి, మర్నాటికి ఇంకా బాగుంటుంది. వేపుడు పొట్లంలో ఆవిరికి చెమర్చి, ఆటో దిగేలోపే మెత్తబడిపోతుంది.