యాంట్‌మైనర్ ఎస్9, ఎస్5, బ్లాక్ ఎరప్టర్: నల్లగొండ ఎండలో నాలుగేళ్ల వాడకం

ఇవి మూడూ బిట్‌కాయిన్ తవ్వే (మైనింగ్) పాత యంత్రాలు. సంపాదన కోసమైతే వీటిలో ఏదీ కొనొద్దు. ఎస్9 నిండుగా నడిస్తే 13.5 టెరాహాష్ (సెకనుకు 13.5 లక్షల కోట్ల లెక్కలు), దానికి దాదాపు 1,350 వాట్లు. అంటే రోజుకు 32 యూనిట్లు, నెలకు 970. ఇంటి మీటరు మీద ఇంత పడితే బిల్లు పై శ్లాబుల్లోకి పోయి తొమ్మిది వేల దాకా పెరుగుతుంది. 2024 ఏప్రిల్‌లో బ్లాకు బహుమతి (ఒక బ్లాకు తవ్వినవాళ్లకు దక్కేది) 3.125 బిట్‌కాయిన్లకు తగ్గాక, వచ్చే బిట్‌కాయిన్ అందులో సగం కూడా కట్టదు. దాచుకోవడానికి, వారానికి రెండు గంటలు నడిపి చూసుకోవడానికి కొంటే మాత్రం ఇంత ముచ్చటైన యంత్రాలు తక్కువ.

ఆ ముచ్చట ఎక్కడుందంటే: 2013 నాటి బ్లాక్ ఎరప్టర్ పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది. 130 నానోమీటర్ల చిప్పు ఒక్కటే, 333 మెగాహాష్ (సెకనుకు 33.3 కోట్ల లెక్కలు), 2.5 వాట్లు. లెక్కేస్తే ఒక గిగాహాష్‌కు (వెయ్యి మెగాహాష్‌లకు) ఏడున్నర వాట్లు. అదే ఏడాది చివర వచ్చిన యాంట్‌మైనర్ ఎస్1కు 2 వాట్లు, ఎస్5కు అర వాట్, 2016 నాటి ఎస్9కు ఒక వాట్‌లో పదో వంతు. మూడేళ్లలో జరిగిన ఆ మార్పంతా ఒకే బల్ల మీద వరసగా పెట్టి చూడొచ్చు.

మొదట కొనాల్సింది బ్లాక్ ఎరప్టరే. ఐదు వోల్టుల యూఎస్‌బీ చాలు, కానీ అడాప్టరున్న హబ్ కావాలి. ల్యాప్‌టాప్ పోర్టుకు నేరుగా నాలుగైదు తగిలిస్తే పోర్టు పోతుంది. పక్కన చిన్న ఫ్యాన్ తప్పనిసరి. కంప్యూటర్‌లో సీపీ210ఎక్స్ యూఎస్‌బీ డ్రైవర్ వేసి బీఎఫ్‌జీమైనర్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిపితే తంటా తక్కువ. కొత్తవాళ్లు ఒకచోట ఆగిపోతారు: మిషన్ నడుస్తున్నట్టే ఉంటుంది, పూల్‌లో (చాలామంది కలిసి తవ్వే సర్వర్‌లో) ఒక్క షేరూ (చేసిన పనికి రుజువు) కనపడదు. చెడిపోయిందనుకుని పక్కన పడేస్తారు. పూల్ డిఫికల్టీ (ఒక షేరు దొరకడం ఎంత కష్టమో చెప్పే అంకె) 1024 ఉంటే దీనికి సగటున మూడు గంటల నలభై నిమిషాలకు ఒక షేరు వస్తుంది. డిఫికల్టీని 1కి దించే పూల్ దొరికితే పదమూడు సెకన్లకొకటి.

ఎస్5 చూడ్డానికి అన్నిటికంటే బాగుంటుంది. బోర్డులు రెండు, చిప్పులు అరవై, ఫ్యాన్ ఒక్కటి, లోపలంతా కంటికి కనపడుతుంది. 590 వాట్లు కాబట్టి మంచి 750 వాట్ల కంప్యూటర్ పవర్ సప్లైతో నడుస్తుంది. ఒక బోర్డుకు రెండు వేర్వేరు పవర్ సప్లైల నుంచి తీగలు మాత్రం ఇవ్వకూడదు. రెంటి వోల్టేజీ సరిగ్గా ఒక్కటిగా ఉండదు, భారమంతా ఒకదాని మీదే పడి కనెక్టర్ కాలుతుంది.

ఎక్కువ కాలం నిలిచేది మాత్రం ఎస్9. బోర్డులు మూడు, ఒక్కోదాని మీద 63 చిప్పులు. మూడేసి చిప్పులు ఒక గుంపుగా 21 గుంపులు వరసలో ఉంటాయి. సిగ్నల్ ఒక చిప్పు నుంచి పక్క చిప్పుకు పాకుతుంది గనక, మధ్యలో ఒకటి పోతే బోర్డే పడుకుంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు పది నిమిషాలు నడిపించి స్టేటస్ పేజీ చూడాలి. మూడు వరసల్లోనూ 63 చిప్పులు, అన్నీ సున్నా గుర్తులే ఉండాలి. ఇంటూ గుర్తులు వస్తున్నాయంటే ధర తగ్గించినా వదిలేయండి. తర్వాత తెల్లకాగితం మీద మిషన్‌ను మెల్లగా వంచి చూడండి; చిప్పుల మీది చిన్న హీట్‌సింకులు జిగురు ఊడి రాలుతుంటే అది చాలా వేడిలో పనిచేసిన సరుకు.

తెచ్చిన వెంటనే ఇంటి వైఫై రూటర్‌కు కలపొద్దు. ఎస్9లోనూ, అదే కంపెనీ ఎల్3 ప్లస్ మిషన్లలోనూ ఒకదాన్నుంచి ఒకదానికి పాకే వైరస్ తిరిగింది. విడిగా పాత రూటర్ పెట్టి, కంట్రోల్ బోర్డు మీది జేపీ4 జంపర్ మార్చి, ఎస్‌డీ కార్డు నుంచి బ్రెయిన్స్ ఓఎస్ అనే మైనర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించండి. దాంతో వాట్లు తగ్గించుకోవచ్చు. రెండు బోర్డులకు పవర్ తీగలూ రిబ్బన్ కేబులూ రెండూ తీసేసి ఒక్క బోర్డే నడిపితే 450 వాట్లతో సరిపోతుంది. ప్రదర్శనకు మాకు అదే నచ్చింది.

ఎస్9తో వాడే పవర్ సప్లై ఏపీడబ్ల్యూ3 ప్లస్ ప్లస్‌కు స్విచ్ ఉండదు. గోడ స్విచ్ ఆపాకే ప్లగ్ పెట్టాలి, లేకపోతే నిప్పురవ్వలు లేస్తాయి. 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, పక్కా ఎర్తింగ్ ఉండాలి. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే డొప్ప ముట్టుకోగానే చెయ్యి జిల్లుమంటుంది. గుంతలో బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోయించండి. ఎస్9ను నిండుగా నడపాలంటే ఈ పవర్ సప్లైకి కనీసం 205 వోల్టులు కావాలి. యాసంగిలో మోటార్లన్నీ ఒక్కసారి నడిచే ఊళ్లల్లో వోల్టేజీ అంతకంటే కిందికి జారుతుంది. ఏసీకి వాడే 4 కేవీఏ స్టెబిలైజర్ పెట్టాక మధ్యలో రీస్టార్ట్ అవడం ఆగింది.

ఇక ఎండ. ఎస్9కు చుట్టూ గాలి 40 డిగ్రీలు దాటకూడదు. మే నెల మధ్యాహ్నం నల్లగొండలో నీడలోనే అది దాటుతుంది. ఎండ ముదిరే రెండు నెలలు తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు లోపే నడపాలి, చిప్పు వేడి 100 దాటనివ్వొద్దు. శబ్దం ఆగకుండా తిరిగే మిక్సీ లాగే ఉంటుంది, పడకగది పక్కన కుదరదు.

అన్నిటికంటే ఎక్కువ మిషన్లను చంపేది మన దుమ్మూ, మన నీళ్లూ. మిర్యాలగూడ వైపు రైస్‌మిల్లుల దగ్గర తవుడు దుమ్ము హీట్‌సింకుల మధ్య మెత్తలాగా పేరుకుంటుంది. వానాకాలం తేమ తగిలితే అది చిప్పు కాళ్ల మధ్య కరెంటు పారిస్తుంది. నెలకోసారి గాలి పోయే వైపు నుంచి బ్లోయర్‌తో ఊదండి, ఫ్యాన్ రెక్కలను మాత్రం వేలితో పట్టుకుని. పట్టుకోకపోతే గాలికి జోరుగా తిరిగి బేరింగ్ అరుగుతుంది, ఫ్యానే కరెంటు పుట్టించి బోర్డులోకి పంపుతుంది. బోర్డు కడగాల్సొస్తే బోరునీళ్లు అస్సలు వద్దు. ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, దాంతోపాటు ఉన్న ఉప్పులు ఆరాక తెల్లగా పొరకట్టి, చెమ్మ రాగానే షార్టు చేస్తాయి. బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ రెండు లీటర్లు, మెత్తటి పెయింటు బ్రష్షు, చివర్లో 99 శాతం ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్). తర్వాత ఫ్యాన్ కింద పూర్తిగా ఒక రోజు. పవర్ సప్లైని ఎప్పుడూ కడగొద్దు, ఊదడమే.

విడిభాగాలకు హైదరాబాద్ పోవాల్సిందే. ఆరు పిన్నుల కనెక్టర్లు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ మార్కెట్‌లో, సోల్డరింగ్ సామాను కోఠి గుజరాతీ గల్లీలో చూడండి. ఫ్యాన్ 38 మిల్లీమీటర్ల మందంది అడగాలి. 25ది బిగుస్తుంది, కానీ సరిపడా గాలి తోయలేదు.