నిజం డాడ్జ్ సిటీలో కొండలు లేవు

గత ఏప్రిల్‌లో ఎనభై దాటిన మా అమ్మను తీసుకుని కాలిఫోర్నియాలో లాస్ ఏంజిలెస్ నుంచి లోన్ పైన్ అనే చిన్న ఊరి దాకా అయిదు రోజుల పాటు తిరిగి వచ్చాను. ఆ ప్రయాణానికి అసలు కారణం 1974లో కాన్సస్ రాష్ట్రంలోని విచిటా నగరంలో, మేము అద్దెకున్న ఇంటి ముందుగదిలో ఉంది. నాన్నగారు గుంటూరు మెడికల్ కాలేజీలో చదువు ముగించి, అక్కడి ఆసుపత్రిలో రెసిడెన్సీ చేయడానికి మాకంటే ఒక ఏడాది ముందే వెళ్ళారు. మేము వెళ్ళేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. అంతకు ముందే తెనాలిలో మా మేనమామ భుజాల మీద కూర్చుని టికెట్ల వరుసలో నిలబడి, కృష్ణ గారి 'మోసగాళ్లకు మోసగాడు' చూసినవాణ్ణి కనుక, అమెరికా అంటే టోపీలు పెట్టుకుని గుర్రాల మీద తిరిగే మనుషుల దేశమని నాకు గట్టి నమ్మకం. విచిటాలో దిగాక ఒక్క గుర్రమూ కనిపించలేదు. ఆ లోటును, ఆసుపత్రిలో ఎవరో అమ్మేస్తుంటే నాన్నగారు కొనుక్కొచ్చిన పాత టీవీ తీర్చింది.

సోమవారం రాత్రి ఏడు గంటలకు, డాడ్జ్ సిటీ అనే ఊళ్ళో జరిగే కౌబాయ్ కథల ధారావాహిక 'గన్‌స్మోక్' వచ్చేది. 1955లో మొదలై, ఇరవై సీజన్లలో 635 భాగాలు నడిచిన ఆ ధారావాహిక చివరి ఏడాదిలో మేము చూడడం మొదలుపెట్టాము. 1975 మార్చి 31న అది ముగింపు లాంటి ముగింపు ఏమీ లేకుండానే ఆగిపోయింది. ఆ తరువాత 'బొనాంజా', 'లోన్ రేంజర్' వగైరాలను పునఃప్రసారాల్లో, పాఠశాల నుంచి వచ్చాక, శనివారాల్లో చూసేవాణ్ణి. సోమవారం మాత్రం ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్ళో పెట్టుకుని ముందుగదిలో కూర్చునేవాళ్ళం. అమ్మకు అప్పటికి ఇంగ్లీషు అంతగా రాదు. కథ నడిపే పనిని ఆవిడే చేతిలోకి తీసుకుని పాత్రలకు తన పేర్లు పెట్టుకుంది: ఊరి శాంతిభద్రతలు చూసే మార్షల్ మాట్ డిలన్ 'తాడిచెట్టు', అతని సహాయకుడు ఫెస్టస్ 'గడ్డపాయన', సెలూన్, అంటే మద్యశాల, నడిపే మిస్ కిట్టీ 'హోటలమ్మ'. డిలన్‌గా వేసిన జేమ్స్ ఆర్నెస్ ఆరడుగుల ఏడంగుళాల మనిషి కనుక మొదటి పేరులో అన్యాయమేమీ లేదు.

నాన్నగారికి మాత్రం ఆ కథలోని ఊరి డాక్టరు డాక్ ఆడమ్స్ ఒక్కడే కావలసినవాడు. ఆ పాత్ర వేసిన మిల్‌బర్న్ స్టోన్ పుట్టిన ఊరు బర్టన్ మా ఇంటికి గంట లోపు దూరమని తెలిసినప్పటి నుంచి ఆయన్ను దాదాపు సహోద్యోగిలాగే చూసేవారు. డాక్ తూటా తీయడానికి చొక్కా చేతులు మడవగానే మా ఇంట్లో కూడా ఒక వైద్యుడు ముందుకు జరిగి కూర్చునేవాడు. "చేతులు కడుక్కోలేదు చూడు" అనేవారు. కథ జరిగే 1870లలో శస్త్రచికిత్సలో క్రిములు చేరకుండా చూసే లిస్టర్ పద్ధతులు అమెరికాలో ఇంకా వేళ్ళూనుకోలేదని, అప్పటి డాక్టర్లలో చాలామంది అలాగే చేసేవారని తానే మాకు వివరించి, మళ్ళీ సోమవారం మళ్ళీ అదే మాట అనేవారు.

నాకున్న సందేహం వేరు. డాడ్జ్ సిటీ కాన్సస్‌లోదే, మేమూ కాన్సస్‌లోనే ఉన్నాము. కిటికీలోంచి చూస్తే నేల చాప పరిచినట్టు ఆకాశం అంచు దాకా పోతుంది. టీవీలో డాడ్జ్ వెనుక కొండలెలా వచ్చాయి? నేను పోరు పెట్టగా పెట్టగా 1976 వేసవిలో ఒక ఆదివారం నాన్నగారు కారు తీశారు. రెండున్నర గంటల ప్రయాణంలో ఎక్కడా గట్టు కూడా రాలేదు. ఊరు చేరేసరికి ధాన్యం నిలవ చేసే కాంక్రీటు గోపురాలు, రైలు పట్టాలు, పశువుల దొడ్ల వాసన కనిపించాయి, వినిపించాయి, తగిలాయి. కొండ మాత్రం లేదు. బూట్ హిల్ మ్యూజియం దగ్గర పాత ఫ్రంట్ స్ట్రీట్‌ను తిరిగి కట్టిన వీధి, అందులో లాంగ్ బ్రాంచ్ సెలూన్ ఉన్నాయి. అక్కడ నేను సార్సపరిల్లా అనే తియ్యటి పానీయం తాగాను, అమ్మ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉంది. ఊళ్ళో ఒక వీధికి 'గన్‌స్మోక్' అనే పేరు కూడా ఉంది. వయట్ ఎర్ప్, బ్యాట్ మాస్టర్సన్ లాంటి నిజం పోలీసు అధికారులు నడిచిన ఊరు, ఎన్నడూ లేని డిలన్ పేరుతో ఎక్కువగా బతుకుతున్నదని అప్పుడు నాకు అర్థం కాలేదు. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు ఆ ఊరు ఒక పూట కేటాయించదగినదేనని ఇప్పుడు చెప్పగలను. టీవీలో చూసింది వెతుక్కుంటూ వెళ్ళిన పదకొండేళ్ళవాడు మాత్రం తిరుగు దారంతా మాట్లాడలేదు.

ఆ కొండలు కాలిఫోర్నియావి. 'గన్‌స్మోక్' వీధి తొలినాళ్ళలో న్యూహాల్ దగ్గరి మెలొడీ రాంచ్‌లో, తరువాత లాస్ ఏంజిలెస్ స్టూడియోలో ఉండేది. స్టూడియోల నుంచి ఒక హద్దు దాటి వెళ్తే మనుషులకు ప్రయాణ ఖర్చులు, బస ఖర్చులు ఇవ్వవలసి వచ్చేది కనుక టీవీవాళ్ళు సాయంత్రానికి ఇల్లు చేరగల రాళ్ళనే వెతుక్కున్నారు. వాటిని చూడాలన్న కోరిక యాభై ఏళ్ళు పక్కన పెట్టి, నాన్నగారు పోయాక, ఇక ఆలస్యం చేయకూడదనుకున్నాను.

మొదటి రోజు లాస్ ఏంజిలెస్ గ్రిఫిత్ పార్కులో, అమెరికా పశ్చిమ ప్రాంత చరిత్రను చూపే ఆట్రీ మ్యూజియంతో మొదలుపెట్టడం మంచి నిర్ణయమే అయింది. లోపల నడక తక్కువ, కూర్చోవడానికి బల్లలు ఉన్నాయి, చక్రాల కుర్చీకి ఎక్కడా అడ్డు లేదు. 'బొనాంజా' మొదట్లో మధ్యలో నిప్పంటుకుని కాలిపోయే, కథలోని కుటుంబపు పశువుల క్షేత్రం పాండెరోసా పటం గుర్తుందా? దాని అసలు చిత్రం ఇక్కడి సేకరణలోనే ఉంది. చిత్రకారుడు రాబర్ట్ టెంపుల్ ఏయర్స్ వేసిన ఆ పటంలో ఉత్తరం పైన ఉందనుకుంటే రెనో, కార్సన్ సిటీ ఉండవలసిన చోట ఉండవు. అందుకని దిక్సూచిని వాలుగా వేసి లెక్క సరిచేశారు. చిన్నప్పుడు ఆ దిక్సూచిని ఒక్కసారీ గమనించని నేను, ఇప్పుడు దాని ముందు నుంచి కదలలేదు. కాలేది పటం అయినప్పుడు దిక్కులు ఎవరు చూస్తారు! ఆ ధారావాహిక పేరు మీద లేక్ తాహో ఒడ్డున 1967లో తెరిచిన పాండెరోసా రాంచ్ 2004లో మూతపడింది కనుక, దాని కోసం అంత దూరం వెళ్ళకండి. సరస్సు కోసమైతే తప్పక వెళ్ళండి.

రెండో రోజు ఛాట్స్‌వర్త్‌లోని పాత ఐవర్సన్ రాంచ్. ముందుగానే చెప్పాలి, ఇక్కడ టికెట్టు లేదు, మరుగుదొడ్డి లేదు, నీళ్ళు లేవు, కారు వీధి పక్కన పెట్టుకోవాలి. ఒకప్పుడు లెక్కలేనన్ని చిత్రీకరణలు జరిగిన ఆ స్థలాన్ని 118వ నంబరు ఫ్రీవే రెండు ముక్కలు చేసింది, మిగిలిన దాని మీద ఇళ్ళ సముదాయాలు లేచాయి. వాటి మధ్యన, రోడ్డుకు కొద్ది అడుగుల దూరంలోనే, లోన్ రేంజర్ తెల్ల గుర్రం సిల్వర్ ముందుకాళ్ళు ఎత్తి నిలబడే బండ ఉంది. 1949 నుంచి 1957 దాకా వారం వారం ఇళ్ళలోకి వచ్చిన బండ అది. టీవీలో కోటబురుజులా అనిపించినది, దగ్గరకు వెళ్తే మా వీధి చివర వేపచెట్టు కంటే పెద్దదేమీ కాదు. పక్కన ఎవరో ఆరేసిన తువ్వాలు ఎగురుతోంది, లారీల మోత ఎడతెగడం లేదు. అమ్మను మడత కుర్చీలో కూర్చోబెట్టి నేను ఒక పక్కగా వంగి, కెమెరా ఎక్కడ పెట్టి ఉంటారో ఆ చోటు వెతుక్కున్నాను. మోకాళ్ళ మీద కూర్చుంటే ఇళ్ళ కప్పులు బండ వెనక్కి దిగిపోయాయి. బండ పెరిగింది. అరగంట చాలు ఇక్కడ, కానీ ఆ అరగంట వదులుకోకూడదు.

అదే మధ్యాహ్నం దారిలో వాస్కెజ్ రాక్స్ చూశాము. ఏటవాలుగా నేలలోంచి పొడుచుకొచ్చిన ఆ రాతి పలకలను ఎవరైనా ఏదో ఒక తెర మీద చూసే ఉంటారు. ఇది కౌంటీ పార్కు కనుక వసతులు బాగున్నాయి, వాహనం లోపలి దాకా వెళ్తుంది. ఎండ ఎక్కువ, నీడ తక్కువ కనుక ఉదయమే మేలు.

అక్కడి నుంచి మోజావే మీదుగా లోన్ పైన్‌కు మూడు గంటల లోపే. పెట్రోలు మోజావేలోనే నింపుకోవడం లాభం. లోన్ పైన్ ఒకే పెద్ద వీధి ఉన్న ఊరు. మొదటి రాత్రి బసలో దెబ్బ తిన్నాను. ఫోనులో కింది అంతస్తు గది ఇస్తామని ఒకటికి రెండుసార్లు చెప్పిన ఒక మోటెల్‌వాళ్ళు, మేము చేరేసరికి పై అంతస్తు తాళం చేతిలో పెట్టారు. లిఫ్టు లేదు. అమ్మ పద్దెనిమిది మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కి, పైన నిలబడి, "తాడిచెట్టును పిలవరా, వీళ్ళ సంగతి చూస్తాడు" అంది. మర్నాడు డౌ విల్లాకు మారాము. 1920లలో చిత్రీకరణ బృందాల బస కోసమే కట్టిన పాత హోటలు ఒక పక్క, తరువాత కట్టిన మోటెల్ గదులు ఒక పక్క ఉంటాయి. పాత భవనంలో ఉమ్మడి స్నానాల గదులున్న చిన్న గదులు చవక, ముచ్చటగానూ ఉంటాయి. పెద్దవాళ్ళతో వెళ్తే మాత్రం మోటెల్ వైపు కింది గదే అడగండి. శాకాహారులకు ఊళ్ళో బీన్స్ బరీటో తప్ప దిక్కు లేదు. మేము చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, గోంగూర పచ్చడి తీసుకువెళ్ళడం వల్ల బతికాము.

ఇక్కడి మ్యూజియం ఆఫ్ వెస్టర్న్ ఫిల్మ్ హిస్టరీకి మొదట వెళ్ళి, చిత్రీకరణ జరిగిన చోట్ల పటం తీసుకుని, తరువాత అలబామా హిల్స్‌కు వెళ్ళాలి. ఈ క్రమం తిరగేస్తే సగం అర్థం కాదు. ఊరికి పడమరన కొన్ని నిమిషాల దూరంలో గుండ్రంగా అరిగిన గోధుమరంగు రాళ్ళ గుట్టలు, వాటి వెనుక ఒక్క ఊపున లేచిన మంచు కొండలు. ఆ మట్టి దారి పేరే మూవీ రోడ్. అద్దె కారు నెమ్మదిగా పోనిస్తే చాలు, అయితే ఎగుడుదిగుళ్ళకు నడుము నొప్పి ఉన్నవాళ్ళు ఆలోచించుకోవాలి. ఫోను సిగ్నల్ నమ్మకండి. అమ్మ ఎదురుగా ఉన్న అన్నిటికంటే పెద్ద శిఖరాన్ని చూపించి అదే ఇక్కడి ప్రసిద్ధ శిఖరం మౌంట్ విట్నీ అంది. అందరూ అలాగే పొరబడతారట. అది దగ్గరగా ఉండడం వల్ల పెద్దగా కనిపించే లోన్ పైన్ పీక్. 14,505 అడుగుల విట్నీ దాని కుడి పక్కన వెనకగా, చిన్న పళ్ళవరుసలా ఉంటుంది. 'హ్యావ్ గన్ విల్ ట్రావెల్' ధారావాహిక కథానాయకుడు పలాడిన్ గుర్రం మీద దాటిపోయిన చోట్లు ఇక్కడే. ఐవర్సన్‌లో లాగ మోకాళ్ళ మీద కూర్చోవలసిన పని లేదు. ఎటు తిరిగినా ఆ టీవీ చట్రమే ఉంది. నేను పెరిగిన కాన్సస్ కంటే ఎన్నడూ కాలు పెట్టని ఈ రాళ్ళే నాకు ఎక్కువ తెలిసినట్టనిపించడం కొంత సిగ్గుగానూ ఉంది.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. విచిటా పాఠశాలలో టీచరు నన్ను "ఇండియా నుంచి వచ్చాడు" అని పరిచయం చేసిన మర్నాటి నుంచి, ఆటల గంటలో కౌబాయ్‌లు ఎవరైనా మారేవారు కానీ ఇండియన్‌ను, అంటే ఆ కథల్లోని అమెరికా ఆదివాసిని, మాత్రం నేనే. రోజూ ఒకసారి చచ్చిపోవాలి. చొక్కా వెనుక మట్టి ఏమిటని అమ్మ అడిగితే "ఇవాళ కూడా చచ్చిపోయాను" అన్నాను, అవేం అపశకునపు మాటలని చీవాట్లు తిన్నాను. అప్పట్లో లోన్ రేంజర్ ఆదివాసి తోడు టోంటోగా వేసిన జే సిల్వర్‌హీల్స్ నిజంగానే మొహాక్ అనే ఆదివాసి జాతివాడని తెలిసి ఉంటే కొంత ఊరటగా ఉండేదేమో. లోన్ పైన్ ఊరిని ఆనుకునే పయూట్-షోషోనీ ఆదివాసి ప్రజలకు కేటాయించిన నేల, రిజర్వేషన్, ఉంది. ఆ లోయ వాళ్ళది. అందుకని మూడో పూట పదహారు మైళ్ళ ఉత్తరాన ఇండిపెండెన్స్ ఊళ్ళోని ఈస్టర్న్ కాలిఫోర్నియా మ్యూజియంకు వెళ్ళాము. ఈ ప్రయాణంలో నేను ముందు అనుకోని మంచి చోటు అదే. వాళ్ళు అల్లిన బుట్టల అరల ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. పైన్ గింజలు చెరగడానికి వాడే ఒకదాన్ని చూసి, రెండు చేతులూ గాలిలో అంచులు పట్టుకున్నట్టు పెట్టి, మణికట్లు విసిరి చూపించింది. "ఇది చేటేరా. వీళ్ళూ ఇలాగే చెరిగేవాళ్ళన్న మాట." టీవీలో ఒక్కసారైనా వీళ్ళు తిండి వండుకోవడం చూపించారా అని కూడా అడిగింది. నాకు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. దారిలోనే మంజనార్ కూడా ఉంది, రెండో ప్రపంచ యుద్ధంలో జపనీస్ అమెరికన్లను బంధించి ఉంచిన శిబిరం. దానికి సగం రోజైనా కేటాయించాలి, మేము కేటాయించలేదు.

చివరి రోజు తిరుగు ప్రయాణానికి ముందు అమ్మ నడుము వాల్చుతానంటే గదిలో టీవీ పెట్టాను. అరవై, డెబ్భై ఏళ్ళ నాటి ఆ బొమ్మలు ఇప్పటికీ ఏదో ఒక చానల్లో పగటిపూట వస్తూనే ఉంటాయి. వెతకగా 'గన్‌స్మోక్' దొరికింది, నలుపు తెలుపుల్లో, వెనుక కొండలతో సహా. ఎవరినో గాయంతో మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టారు, డాక్ చొక్కా చేతులు మడిచాడు. కళ్ళు మూసుకుని ఉంది కదా అనుకున్న అమ్మ, దిండు మీద నుంచి తల కొంచెం ఎత్తింది.

"ఇవాళ కూడా కడుక్కోలేదు" అంది.