కారు సీటు సెన్సర్లు: మన ఎండనీ, ఉప్పుగాలినీ తట్టుకునేది ఏది?

ముందు సీటులో మనిషి ఉన్నాడో లేడో కారుకు తెలిపేది కుషన్ లోపల ఉండే ఒక స్విచ్. పక్కన కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే బీప్ మోగేది దాని వల్లే. కొన్ని కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాలా వద్దా అన్నది కూడా సీటు సెన్సర్ చెప్పేదాన్ని బట్టే ఉంటుంది. 2019 జూలై 1 నుంచి తయారైన కార్లకు డ్రైవర్‌తో పాటు పక్క సీటుకూ బెల్టు హెచ్చరిక తప్పనిసరి అయింది. ఆ కార్లే ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతున్నాయి. వాటి కవర్లు మారుతున్నాయి, ఫోమ్ కుంగుతోంది. సెన్సర్ పోతే ఏది వేయించాలి, కొత్త కారు కొనేటప్పుడు ఏ రకం ఉంటే నిశ్చింత అని ఆలోచించాల్సిన సమయం ఇది.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో దీనికి పరీక్ష గట్టిదే. మే నెల మధ్యాహ్నం విజయనగరం కోట దగ్గర అద్దాలెత్తి కారు ఆపితే లోపల 60 డిగ్రీలు దాటడం మామూలే. ఎండ నేరుగా పడే నల్ల రెక్సిన్ ఇంకా కాలుతుంది. అదే కారు డిసెంబరులో తెల్లవారకముందే ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కితే, అరకులో వణికించే చలి. కళింగపట్నం, బారువ వైపు వాళ్లకు ఉప్పుగాలి అదనం. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ లాంటి తుపానులో నీళ్లలో నిలిచిన కారు సీటు పైపైన ఆరిపోతుంది కానీ, లోపల కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) పిన్నులకు పట్టిన తుప్పు పని చేస్తూనే ఉంటుంది. కారు లోపలి విడిభాగాలను కంపెనీలు సాధారణంగా మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా పరీక్షిస్తాయి. మైనస్ 40తో మనకు పని లేదు. వేడీ తేమా కలిసి వచ్చినప్పుడు నిలబడేది కావాలి.

ఎక్కువ కార్లలో ఉండేది పలచటి ఫిల్మ్ మ్యాట్. రెండు పాలిస్టర్ పొరలు, వాటి మధ్య చిల్లులున్న మూడో పొర. ప్రతి చిల్లు దగ్గరా పై పొరకూ కింది పొరకూ వెండి, కార్బన్ ఇంకులతో ముద్రించిన గీతలుంటాయి. మనిషి కూర్చుంటే పై పొర వంగి, చిల్లులోంచి కింది పొరను తాకుతుంది. కరెంటుకు దారి ఏర్పడుతుంది. లేవగానే పొర మళ్లీ పైకి వస్తుంది. స్ప్రింగు లేదు, పెద్దగా అరిగే భాగం లేదు, ధరా తక్కువే. ఎండకీ చలికీ దీని తీరు ఎలా మారుతుందో తెలియాలంటే ఆ చిల్లులో ఉన్న గాలి సంగతి చూడాలి.

చిల్లు పూర్తిగా మూసేసి ఉందనుకోండి. 25 డిగ్రీల దగ్గర లోపల ఉన్న గాలి 65 డిగ్రీలకు వేడెక్కితే దాని పీడనం సుమారు 13 శాతం పెరుగుతుంది. గాలి ఉబ్బడానికి చోటు లేకపోతే, పది మిల్లీమీటర్ల వెడల్పున్న చిల్లు మీద ఇది దాదాపు వంద గ్రాముల బరువుతో సమానం. అంటే ఎండలో ఆ స్విచ్ కలవాలంటే ఒక్కో చిల్లు దగ్గరా అంత అదనంగా నొక్కాలి. సన్నగా ఉన్న మనిషి కూర్చుంటే సీటు ఖాళీగా ఉందని అది పొరబడవచ్చు. ఘాట్ ఎక్కినప్పుడూ ఇదే తంతు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ బయటి గాలి పీడనం మన తీరంలో కంటే దాదాపు పదో వంతు తక్కువ, కాబట్టి లోపలి గాలి పొరను పైకి నెడుతుంది. చలికి ఆ గాలి కొంత కుంచించుకుపోయి ఈ తేడాను కొంచెం సర్దుతుంది. తీరంలోనే చలి తగిలితే మాత్రం కథ తిరగబడుతుంది. పొర లోపలికి లాగినట్టయి, తక్కువ బరువుకే స్విచ్ కలిసిపోతుంది.

అందుకే మంచి మ్యాట్లలో చిల్లుల మధ్య సన్నటి గాలి కాలువలు పెడతారు. లోపలి గాలీ బయటి గాలీ ఎప్పటికప్పుడు సమం అవుతాయి, ఎండా ఎత్తూ రెండింటి బెడదా తగ్గుతుంది. అయితే గాలి వెళ్లే దారిలో తేమ కూడా వెళుతుంది. పిల్లలు ఒలకబోసిన మజ్జిగ, వానలో తడిసిన బట్టల నీరు ఆ కాలువలోకి చేరితే వెండి గీతలు నల్లబడతాయి. కాలువ చివర కుషన్‌లో ఏ మూలకు తెరుచుకుంటుంది, అక్కడ నీళ్లు నిలుస్తాయా అన్నదే ఆ మ్యాట్ ఎన్నాళ్లు బతుకుతుందో తేల్చేది. బయట చవగ్గా దొరికే మ్యాట్ చేతికి వస్తే ముందు నేను చూసేది అంచులే: జిగురు సమంగా అంటిందా, తోకలా వచ్చే కనెక్షన్ దగ్గర పొరలు విడిపోతున్నాయా అని.

పాలిస్టర్ పొర 70, 80 డిగ్రీల మధ్య మెత్తబడే గుణం ఉన్నది. రెక్సిన్ కిందే, ఫోమ్ పైన పరిచిన మ్యాట్‌కు మన ఎండలో ఆ హద్దు ఎంతో దూరంలో లేదు. సుమారు 120 డిగ్రీల దాకా గట్టిగా ఉండే ఖరీదైన ఫిల్మ్‌తో చేసినవి కూడా ఉన్నాయి. ఇంకో పద్ధతి, మ్యాట్‌ను ఫోమ్ కింద, సీటు పళ్లెం మీద పెట్టడం. అక్కడ ఎండ వేడి నేరుగా తగలదు, ఒలికిన నీళ్లు అంత త్వరగా దిగవు. కానీ అప్పుడు బరువు ఫోమ్ గుండా రావాలి. ఫోమ్ చలికి బిగుసుకుంటుంది, వేడికి మెత్తబడుతుంది, వేడీ తేమా కలిస్తే ఏళ్ల తరబడి కుంగుతూ పోతుంది. అయినా మన వైపుకు ఫోమ్ కింద మ్యాటే నయమని నా అభిప్రాయం. ఫోమ్ కుంగడం నెమ్మదిగా జరిగేది, కంటికి కనిపించేది. ఇంకు గీతకు తుప్పు పట్టడం కనిపించదు.

నిజానికి చాలా బీప్ గొడవలకు సెన్సర్ కారణం కాదు, కొత్తగా వేయించిన కవరే. బిగుతుగా కుట్టిన రెక్సిన్ కవర్ మ్యాట్‌ను ఎప్పుడూ సగం నొక్కి ఉంచుతుంది. పైన చిన్న సంచీ పెట్టినా చాలు. "డబ్బా పెడితే బెల్టు ఎట్టమంటాది బాబూ, ఇదేటి?" అని పలాస నుంచి జీడిపప్పు డబ్బాలు తెచ్చే డ్రైవర్లు అడిగేది ఇందుకే. మామూలుగా డబ్బాకు మోగకూడనిది బిగువు కవర్ వల్ల మోగుతుంది. మ్యాట్ మార్చే ముందు కవర్ విప్పి ఒక పూట నడిపి చూడండి.

రెండో రకం కెపాసిటివ్. ఇది బరువును కొలవదు, దగ్గరలో ఉన్నది మనిషి శరీరమా కాదా అని విద్యుత్ క్షేత్రంతో పసిగడుతుంది. జీడిపప్పు డబ్బా బెడద దీనికి తక్కువ. కానీ తడి సీటు దీన్ని బాగా తికమక పెడుతుంది. చెమటతో, వానతో, సముద్ర స్నానం చేసొచ్చిన బట్టలతో సీట్లు తడిసే మన తీరంలో దీన్ని ఒంటరిగా నమ్మను. బరువు సెన్సర్‌కు తోడుగా ఉంటే సరే.

ద్రవం నింపిన సంచీ కుషన్ కింద పెట్టి, దాని పీడనం కొలిచే పద్ధతి ఒకటి ఉంది. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది, చలికి చిక్కబడుతుంది. ఉష్ణోగ్రత చూసి లెక్క సరిదిద్దే ఎలక్ట్రానిక్స్ ఉన్నా, కారితే మొత్తం మార్చాల్సిందే. మనకు వద్దు.

సీటును నేలకు బిగించే చోట పెట్టే స్ట్రెయిన్ గేజ్ సెన్సర్లు వీటన్నిటికంటే పై మెట్టు. లోహం ఎంత వంగిందో నాలుగు నిరోధాలను (కరెంటును అడ్డుకునే భాగాలను) కలిపిన బ్రిడ్జి అనే సర్క్యూట్‌తో కొలుస్తాయి. వేడికి నాలుగూ ఒకేలా మారతాయి కాబట్టి ఆ మార్పు చాలావరకు రద్దయిపోతుంది. ఫోమ్ కుంగినా, కవర్ మారినా లెక్క పెద్దగా తప్పదు. ఎదిగిన మనిషా, చిన్నపిల్లా అని తేల్చి ఎయిర్‌బ్యాగ్‌ను ఆపే పనికి ఇదే తగినది. కాకపోతే ఖరీదు, పైగా విప్పి బిగించినప్పుడల్లా మెకానిక్ స్కానర్‌తో ఖాళీ సీటు లెక్కను సున్నాకు తెప్పించాలి. సీటు కింద నీళ్ల సీసా ఇరుక్కున్నా బరువు తప్పు చూపిస్తుంది. ఎలక్ట్రానిక్స్ తోడయ్యేసరికి ఇంకో భయమూ ఉంది: 2024 ఫిబ్రవరిలో అమెరికాలో హోండా దాదాపు 7.5 లక్షల కార్లను వెనక్కి పిలిపించింది. ముందు సీటు బరువు సెన్సర్‌లోని కెపాసిటర్ అనే చిన్న ఎలక్ట్రానిక్ భాగం పగిలి షార్ట్ అయితే, ఆగాల్సిన ఎయిర్‌బ్యాగ్ ఆగకపోయే ప్రమాదం ఉందని.

స్ప్రింగు, మైక్రోస్విచ్ ఉండే పాత పద్ధతి ఇప్పటికీ ఫోర్క్‌లిఫ్ట్ లాంటి పనియంత్రాల సీట్లలో కనిపిస్తుంది. వేడికీ చలికీ స్ప్రింగు ఉక్కు బిగువు చాలా కొద్దిగానే మారుతుంది, కాబట్టి ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే దీనికి మంచి మార్కులే. ఉప్పుగాలీ దుమ్మూ దాని కాంటాక్టులను తినేస్తాయి. పూర్తిగా సీలు చేసినదైతే తప్ప కారులో వేయించొద్దు.

కాబట్టి బెల్టు హెచ్చరిక వరకే అయితే, గాలి కాలువలున్న కంపెనీ ఫిల్మ్ మ్యాట్, వీలైతే ఫోమ్ కింద ఉండేది. ఎయిర్‌బ్యాగ్ కూడా దాని మీద ఆధారపడితే, స్ట్రెయిన్ గేజ్ ఉన్న కారు. రెండో సందర్భంలో బయటి మ్యాట్ ఎంత చవకైనా ముట్టుకోవద్దు. కొన్ని మోడళ్లకు మ్యాట్‌ను కుషన్ ఫోమ్‌తో కలిపే ఇస్తారు. రెండింటినీ జతగా సరిచూసి పంపుతారు కనుక విడదీసి వేయడం తప్పు.

బీప్ భరించలేక వైర్లు కలిపేయడం, బెల్టు బకిల్‌లో క్లిప్ పెట్టడం మన దగ్గర బాగా అలవాటైంది. అలాంటి క్లిప్పుల అమ్మకాలు తీసేయమని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 మే నెలలో ఐదు ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలను ఆదేశించింది. వైర్లు కలిపేస్తే, పిల్లల్ని గుర్తించి ఎయిర్‌బ్యాగ్ ఆపే ఏర్పాటున్న కారుకు ఆ సీటులో ఎప్పుడూ పెద్దవాళ్లే ఉన్నట్టు తోచవచ్చు. వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటు అక్కడ బిగిస్తే ఏమవుతుందో ఊహించడానికే భయమేస్తుంది.

మార్పించేటప్పుడు సీటు కింద పసుపు రంగు కప్లర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది. దానికి మల్టీమీటర్ పెట్టనివ్వొద్దు. బ్యాటరీ తీసి, కారు పుస్తకంలో చెప్పినంతసేపు ఆగాకే సీటు విప్పాలి. పక్క ఎయిర్‌బ్యాగ్ సీటులోనే ఉన్న కారుకు, అది చీల్చుకుని రావడానికి వీలైన కుట్టు ఉన్న కవరే వేయించండి. పని అయ్యాక షాపు నీడలో ఒకసారి చూసి సరే అనొద్దు. మధ్యాహ్నం రెండింటికి ఎండలో కాలిన సీటు మీద ఇంట్లో అందరికంటే సన్నగా ఉన్న పెద్దవాళ్లను బెల్టు లేకుండా కూర్చోబెట్టి, ఆపిన చోటే ఇంజిన్ ఆన్ చేసి హెచ్చరిక లైటు వెలుగుతుందో లేదో చూడండి. మళ్లీ తెల్లవారుజామున ఖాళీ సీటుతో, ఆ తర్వాత ఒక సంచీ పెట్టి చూడండి. ఈ మూడింటిలో ఏదైనా తప్పితే కవర్ బిగువు సరిచేయమని అడగండి, అప్పటికీ కుదరకపోతే మ్యాట్ మార్చమనండి.